ఆస్పత్రి గోడ మీద చెల్లెలి పొట్ట

ఏవిస్ డోర్‌కు చెల్లెలంటే ప్రేమ లేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ప్రేమ ఉంది. కాకపోతే దాని మీద బెత్తెడు మందాన కుళ్ళు పేరుకుని ఉండేది, అంతే. చిన్నప్పటి నుంచీ ఇదే తంతు. మిర్నాకు ఉంగరాల జుట్టు, ఏవిస్‌కు చీపురు జుట్టు. మిర్నాను చేసుకున్న కార్ల్టన్‌కు సొంత పడవ ఉంది, వెనక అతని పేరు కూడా రాసి ఉంటుంది. ఏవిస్‌ను చేసుకున్న లెలాండ్‌ది సముద్రం వెనక్కి తగ్గే ఆటు సమయంలో బురదలో నడుం వంచి ఆల్చిప్పలు తవ్వే బతుకు. శనివారం చర్చి భోజనాలకు మిర్నా చిక్కుడు గింజల కుండ తెస్తే ముందు ఖాళీ అయ్యేది అదే. ఏవిస్ తెచ్చిన కుండ పక్కనే మూత తీసి పెట్టి ఉన్నా దాని వంక చూసేవాళ్ళుండరు. ఇవన్నీ ఏవిస్ మరిచిపోయే మనిషి కాదు. ఎవరు సిగ్గు లేకుండా రెండోసారి మిర్నా కుండ దగ్గరికి వెళ్ళారో ఏళ్ళ తర్వాత అడిగినా పేర్లతో సహా చెప్పేది.

ఊరందరికీ తెలిసిన భాగోతమే ఇది. "ఓర్వలేని ఏవిస్" అనే పేరు అలా పడింది. ఆ పేరే చివరికి ఆవిడ ప్రాణం మీదికి తెచ్చింది.

మేన్ రాష్ట్రం తూర్పు తీరంలో మా టెన్నీ కోవ్ ఆడవాళ్ళకు నవంబరు వచ్చిందంటే దండల పని. క్రిస్మస్‌కు తలుపులకు తగిలించే ఫర్ చెట్టు కొమ్మల దండలు. అడవిలోకి పోయి కొమ్మల చివళ్ళు చేత్తో విరుచుకురావాలి, దండల వ్యాపారి డెల్మార్ కొట్టంలో బల్ల ముందు నిలబడి వాటిని గుత్తులుగా పట్టి ఇనుప వలయానికి తీగతో బిగించి చుట్టాలి. ఏవిస్ పెళ్ళి కాకముందు నుంచీ ఆ బల్ల దగ్గరే ఉంది. ఆవిడ చుట్టిన దండను గోడకేసి కొట్టినా ఒక్క ఆకు రాలేది కాదు. మిర్నా దండలు చూడ్డానికి ముచ్చటగా ఉండేవి, రిబ్బను ముడి కూడా సొగసుగా వేసేది గాని, నాలుగు రోజులు గాలికి ఊగితే వదులైపోయేవి. ఈ ఒక్క పనిలో మాత్రం మిర్నా అక్క కాలి గోటికి చాలదు. ఏవిస్‌కు ఈ లోకంలో చెల్లెలి మీద పైచేయి ఉందంటే అది ఆ రెండు చేతుల వల్లే. అందుకే వాటిని అంత అపురూపంగా చూసుకునేది, అంటుకున్న జిగురును పంది కొవ్వు రాసి మెల్లగా వదిలించుకునేది.

గడ్డకట్టే చలి రాత్రులు మూడు రానిదే మా దగ్గర ఎవరూ కొమ్మ విరవరు. ముందే విరిస్తే ఆకు నిలవదు, పండగ నాటికి దండ బోడిదవుతుంది. ఇంతవరకు బాగానే ఉంది. కాని ఆ మూడు రాత్రులకు మేము ఇంకో ఘనత కూడా అంటగట్టాం. ఆ చలికి ఒంటికి పట్టి రక్తం తాగే పిడుదులన్నీ చచ్చిపోతాయని మా నమ్మకం. వేసవంతా పిల్లల చంకలూ మోకాళ్ళ వెనకా వెతుకుతాం, కుక్కల చెవులు తిరగేస్తాం, ప్యాంట్లు మేజోళ్ళలోకి దోపుకుంటాం. మూడో చలి రాత్రి రాగానే ఇవన్నీ బంద్. జింక పిడుదుకు ఈ సంగతి ఎవరు చెప్పారు గనక? పెద్ద పిడుదులు బయటికొచ్చేదే ఆ రోజుల్లో. కాస్త ఎండ పొడిచిందంటే నవంబరులోనూ ఆకు చివర కాళ్ళు చాచుకుని కూర్చుంటాయి. మేమేమో విరిచిన కొమ్మల్ని పొడవాటి కర్రకు దట్టంగా గుచ్చి, భుజానికెత్తుకుని, మెడకు ఆనించుకుని మరీ ఇంటికి మోసుకొస్తాం.

ఆ ఏడు అక్కాచెల్లెళ్ళిద్దరూ కలిసే కొమ్మలకు వెళ్ళారు. దండల పని మొదలైన కొద్ది రోజులకు మిర్నా కొట్టంలో అందరి ముందూ స్వెటరు ఎత్తింది. బొడ్డుకు పక్కగా ఎర్రటి వలయం. నడుమ చుక్క, దాని చుట్టూ తెలుపు, ఆ తెలుపు చుట్టూ మళ్ళీ ఎరుపు.

"అమ్మో, ఎంత గుండ్రంగా ఉందే!" అని పక్క బల్ల రీటా నోరెళ్ళబెట్టింది.

"నీకు రోగమొచ్చినా అందంగానే వస్తుంది మిర్నా" అన్నాడు డెల్మార్.

"నువ్వు అటు తిరగవయ్యా, నీకేం పని ఇక్కడ?" అని అందరూ నవ్వారు.

ఏవిస్ తలెత్తలేదు. తీగ లాగుతూనే, "దద్దురు. బెల్టు ఒరుసుకుని ఉంటుంది" అంది.

దద్దురు కాదు. మా ఊరి చిన్న ఆస్పత్రిలో పెద్ద డాక్టరు ఒక్క చూపు చూసి, పిడుదు కుడితే వచ్చే లైమ్ జబ్బన్నాడు. ఇంత స్పష్టంగా వలయం కనిపిస్తుంటే రక్త పరీక్ష కూడా అక్కర్లేదన్నాడు. మూడు వారాలకు మాత్రలిచ్చాడు. నర్సు జోయన్ అయితే ఇలాంటిది పుస్తకాల్లో తప్ప చూడలేదని మురిసిపోయి, మిర్నాను అడిగి ఫొటో కూడా తీసుకుంది. మిర్నా ఇంటికి వచ్చేసరికి వంటింటి నిండా పలకరింపులు. ఒకరు సూపు, ఒకరు ఆపిల్ పై, ఒకరు చేపల కూర. ఊళ్ళో ఆడవాళ్ళ జుట్టు కత్తిరించేది మిర్నాయే కాబట్టి ఆ వంటింటి కుర్చీ ఎప్పుడూ ఖాళీ ఉండేది కాదు. జుట్టు పని లేనివాళ్ళు కూడా ఆ వంక పెట్టుకుని వలయం చూడ్డానికి వచ్చారు.

నవంబరు చివర వచ్చే థాంక్స్‌గివింగ్ పండగకు ముందు ఏటా ఏవిస్ కూడా ఆ కుర్చీలో కూర్చునేది. ఆ ఏడు పోలేదు.

"వెళ్ళి కత్తిరించుకోరాదూ?" అన్నాడు లెలాండ్.

"అక్కడికెళ్తే ఆ పొట్ట పురాణం మళ్ళీ మొదటి నుంచి వినాలి. నా వల్ల కాదు బాబూ" అని, అద్దం ముందు నిలబడి నుదుటి మీది జుట్టు తనే కత్తిరించుకుంది. వెనక వైపు అలాగే వదిలేసింది.

అదే వారం ఆవిడకు జ్వరం వచ్చింది. ఒళ్ళంతా పచ్చిపుండులా ఒకటే నొప్పి. మిర్నాతో పాటే తనూ అడవిలో తిరిగిందన్న ఆలోచన వచ్చి ఆస్పత్రికి పరుగెత్తింది. పెద్ద డాక్టరు వలయం ఉందా అని అడిగాడు. లేదంది. చేతులూ కాళ్ళూ పొట్టా చూశాడు, ఏమీ లేదు. సరే చూద్దామని రక్తం తీయించాడు. లైమ్ లేదని వచ్చింది. ఫ్లూ అన్నాడు. జ్వరం నిజంగానే తగ్గింది కూడా.

అసలు ఆట అప్పుడు మొదలైంది. క్రిస్మస్ దాటాక నొప్పులు పట్టుకున్నాయి, అవైనా ఒకచోట ఉండవు. ఇవాళ మణికట్టులో ఉంటే రేపు దవడలో, ఎల్లుండి భుజంలో. మంచం అంచున కూర్చుని ఒక మేజోడు వేసుకుని రెండోది ఎందుకు చేతిలో ఉందో తెలియక అలా చూస్తూ ఉండిపోయేది. మెట్లెక్కితే గుండె దడదడ. రెండోసారి ఆస్పత్రికి వెళ్ళేసరికి అక్కడ ఆవిడ కోసం ఒక కానుక సిద్ధంగా ఉంది. గోడ మీద, సరిగ్గా రోగి కూర్చునే కుర్చీకి ఎదురుగా, మిర్నా పొట్ట. పెద్దది చేసి అతికించారు. "ఇలాంటి మచ్చ కనిపిస్తే ఆలస్యం చేయకండి" అని కింద రాశారు. పేరు లేదు, ముఖం లేదు. అయితేనేం, ఆ పొట్ట ఎవరిదో ఊళ్ళో చిన్న పిల్లాణ్ణి అడిగినా చెబుతాడు.

ఏవిస్‌కు ఒళ్ళు మండిపోయింది.

"చేతులు నొప్పిగా ఉన్నాయా?" అన్నాడు పెద్ద డాక్టరు. "దండల కాలం ఇప్పుడే కదా అయింది ఏవిస్. ఈ ఊళ్ళో ఎవరి చేతులు నొప్పి పుట్టడం లేదు చెప్పు?"

"ఇది ఆ నొప్పి కాదండీ. చిన్నప్పట్నుంచీ చుడుతున్నా, ఆ నొప్పి నాకు తెలీదా? మా చెల్లెలికొచ్చిందే నాకూ వచ్చిందేమో మళ్ళీ చూడండి."

డాక్టరు చూపు గోడ మీది ఫొటో మీదికి పోయి వచ్చింది. పెదవి చివర చిన్న నవ్వు. ఆ నవ్వును ఏవిస్ చచ్చేదాకా మరిచిపోదు. "పరీక్ష చేశాం కదమ్మా. లేదని వచ్చింది కదా. వయసు మారే రోజులు, ఆడవాళ్ళకు ఇలాంటివి మామూలే" అని, నిద్రకూ నరాలకూ ఏవో మాత్రలు రాసిచ్చాడు.

ఊరు ఇంకా మేలు. "మిర్నా కొత్త స్టవ్ కొంటే ఏవిస్‌కూ కొత్త స్టవ్. మిర్నాకు లైమ్ వస్తే ఏవిస్‌కూ లైమ్" అంది రీటా పోస్టాఫీసులో, ఏవిస్ వెనకే నిలబడి ఉందని తెలియక. తెలిసినా అనేదేలెండి. కట్టుకున్నవాడు కూడా అంతే. "అందరూ నీకూ ఆపిల్ పైలు తెచ్చిపెట్టాలని ఉందా ఏంటి?" అన్నాడొకసారి లెలాండ్, ఊరికే వేళాకోళానికి. ఆవిడ చేతిలో ఉన్న పళ్ళెం సింకులో విసిరేసి గదిలోకి పోయి తలుపేసుకుంది. అబద్ధమైతే అంత కోపం వచ్చేది కాదు. ఆవిడకు నిజంగానే ఆపిల్ పైలు కావాలనిపించింది. ఆ వలయం కావాలనిపించింది. స్నానం చేసినప్పుడల్లా ఒళ్ళంతా వెతుక్కునేది, అద్దంలో వీపు చూసుకునేది. ఒక్క చోట, గోరంత ఎరుపు కనిపించినా చాలు, ఈ ఊరి నోళ్ళు మూయించవచ్చు. మనిషికి చెల్లెలి గౌను మీదో నగ మీదో అసూయ పుట్టడం విన్నాం గాని, చెల్లెలి పుండు మీద అసూయ పుట్టడం ఈవిడ దగ్గరే చూశాం.

తర్వాత పట్నం డాక్టర్లు. ఒకాయన వయసుతో వచ్చే కీళ్ళవాతం అన్నాడు. ఇంకో ఆయన మనసులో దిగులేమైనా ఉందా అని అడిగాడు. "నా మాట ఎవరూ నమ్మడం లేదని దిగులు" అంది. అది కూడా రాసుకుని అదే మాత్ర ఇంకాస్త ఎక్కువ మోతాదులో ఇచ్చాడు. లైమ్ పరీక్ష మళ్ళీ చేయమంటే, ముందు చేసినదాంట్లో లేదని ఉంది కదా అని అందరూ అదే పాట.

మరుసటి నవంబరులో బల్ల దగ్గరికి వెళ్ళింది. వేళ్ళు మాట వినలేదు. తీగ బిగించి లాగాలంటే బొటనవేలిలో బలం లేదు. అయినా పంటి బిగువున రోజంతా చుట్టింది. సాయంత్రం డెల్మార్ దండలు తనిఖీ చేస్తూ ఒక దాన్ని విదిలించాడు. పిడికెడు కొమ్మలు నేల మీద పడ్డాయి.

"ఏవిస్, ఇవి నీవి కావనుకుంటా. మిర్నావి గానీ ఇటు కలిశాయా?" అన్నాడు పాపం, మంచి మనసుతోనే.

ఏవిస్ గ్లోవులు తీసి బల్ల మీద పెట్టి ఇంటికి వచ్చేసింది. దారంతా ఏడుస్తూనే ఉంది. ఇంతకాలం చెల్లెలికి లేనిది తనకు ఒక్కటంటే ఒక్కటి ఉండేది, ఇప్పుడు అది కూడా పోయింది. ఎందుకు పోయిందో చెప్పేవాడు లేడు. పోయిందని నమ్మేవాడు కూడా లేడు.

మంచు కరిగే రోజుల్లో ఆవిడ మోకాలు ఉబ్బింది. ఉబ్బడమంటే మామూలుగా కాదు, ప్యాంటు కాలు పైకెక్కనంతగా. విచిత్రమేమంటే దాని సైజుకు తగ్గ నొప్పి లేదు. లెలాండ్ దాన్ని చూసి మొదటిసారి వేళాకోళం మానేశాడు. "పద" అని తనే ట్రక్కులో కూర్చోబెట్టుకుని ఆస్పత్రికి తీసుకుపోయాడు.

అది గురువారం. గురువారాలు బయటి నుంచి టిబడో అనే డాక్టరమ్మ వచ్చేది. ఆవిడ మోకాలు నొక్కి చూస్తుంటే ఏవిస్ ముందే చెప్పేసింది. "మీరు ఆ గోడ వైపు మాత్రం చూడకండి."

"ఎందుకు? ఎవరిదది?"

"మా చెల్లెలిది. నాకు దాని జబ్బే కావాలనుందని మీరూ అంటారు, నాకు తెలుసు."

డాక్టరమ్మ స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చుంది. "ఆ లైమ్ పరీక్ష ఎప్పుడు చేశారు మీకు?"

"జ్వరమొచ్చినప్పుడు. ఆ వారంలోనే."

"ఆ వారంలోనా? అప్పటికి రక్తంలో ఏం కనిపిస్తుంది? ఒంట్లో దానికి ఎదురు తిరిగే బలం తయారు కావాలి, దానికి వారాలు పడుతుంది. అది తయారయ్యాక పట్టేదే ఆ పరీక్ష. మళ్ళీ చేయలేదా?"

"చేయమని కాళ్ళా వేళ్ళా పడ్డానండీ. ఒకసారి లేదని వచ్చిందిగా అన్నారు."

"మచ్చ ఎక్కడా చూడలేదా? చాలామందికి వలయంలా రాదు, కొందరికి అసలే రాదు. కనిపించని చోట వచ్చి పోతుంది కూడా. జుట్టులో చూసుకున్నారా?"

ఏవిస్ చెయ్యి మెడ వెనక్కి పోయింది. జ్వరమొచ్చిన నవంబరులో దువ్వెన పెడితే మెడ వెనక చురుక్కుమనేది. చేత్తో తడిమితే చెక్కు కట్టి ఉండేది. గోకి వదిలేసింది. కొమ్మల కర్ర ఒరుసుకుందనుకుంది. వెనక జుట్టు ఎత్తి చూసేవాళ్ళు ఊళ్ళో ఒక్కరే ఉన్నారు, ఆ ఒక్కరి కుర్చీలో ఆ ఏడు తను కూర్చోలేదు. ఇది తట్టగానే ఎవరి మీద కోపం రావాలి? ఆవిడ ఏవిస్ కదా. "ఆ ఊరంతా దాని పొట్ట చూడ్డానికి ఎగబడకపోయుంటే నేను వెళ్ళి కూర్చునేదాన్నే!" అని గట్టిగా అరిచింది. డాక్టరమ్మకు ముక్క అర్థం కాలేదు.

మోకాలిలోంచి నీరు తీశారు, రక్తం మళ్ళీ పంపారు. ఈసారి ఉందని వచ్చింది. ఒకటీ రెండూ కాదు, పరీక్ష పట్టీ మీద చూడాల్సిన గీతలన్నీ ఉన్నాయి. జబ్బు ఉందని తెలిసి అంత సంబరపడ్డ మనిషిని మా ఊళ్ళో ఎవరూ చూసి ఉండరు. "నా మోకాలు కూడా ఫొటో తీసి దాని పక్కన పెట్టండి" అని నర్సును పట్టుకుంది.

"మోకాలు చూస్తే ఉబ్బిన మోకాలే కదా ఏవిస్. దాన్ని చూసి ఎవరికేం తెలుస్తుంది?" అంది జోయన్.

"నాకూ అదేగా జరిగింది, నన్ను చూసి ఎవరికీ ఏమీ తెలియలేదు. అందుకే పెట్టమంటున్నా" అంది. జోయన్ పెట్టలేదు.

శనివారం చర్చి భోజనాల్లో కర్ర ఊతంగా పట్టుకుని బల్ల బల్లకూ తిరిగి చెప్పింది. రీటా దగ్గర కాసేపు ఎక్కువ నిలబడింది. మిర్నా మాత్రం దూరంగా కూర్చుని వింది, చెయ్యి ఊపింది, తొందరగా ఇంటికి పోయింది. అక్క గొప్ప చూడలేకపోయిందని ఏవిస్‌కు కడుపు చల్లబడింది.

నెలపాటు మాత్రలు మింగింది. మోకాలు దిగింది. కాని వేళ్ళ బలం తిరిగి రాలేదు, ఆ నిస్సత్తువ వదల్లేదు. మళ్ళీ మాత్రలు రాయమని అడిగితే డాక్టరమ్మ దాపరికం లేకుండా చెప్పింది. "మందు చేయాల్సింది చేసింది. మళ్ళీ ఇస్తే ఈ మిగిలినది పోతుందని చెప్పలేను. కొందరికి నెలలు పడుతుంది, కొందరికి ఇంకా ఎక్కువ. ఎందుకో మాకూ పూర్తిగా తెలీదు."

"మా చెల్లెలికి మూడు వారాల్లో పోయింది."

"ఆవిడది మొదట్లోనే దొరికింది. అలాంటప్పుడు చాలామందికి తొందరగా తగ్గిపోతుంది."

ఆ మాటతో చల్లబడ్డ కడుపు మళ్ళీ మండడం మొదలుపెట్టింది. చెల్లెలి ట్రక్కు ఇంటి ముందు నుంచి పోతుంటే కూడా చూడలేకపోయేది. దాని మూడు వారాలు దానికి, తన రెండేళ్ళు తనకు.

చలి రాత్రులు ఇంకా రాలేదు గాని ఆకులు రంగు మారాయి. ఒక మధ్యాహ్నం మిర్నా అక్క వంటింట్లోకి వచ్చి కుర్చీలో కూలబడింది. కోటు కూడా విప్పలేదు.

"ఈ ఏడు కొట్టానికి రానే నేను" అంది.

"నీకేమే, మొగుడి పడవుంది. మానేస్తే గడుస్తుంది."

"అందుకు కాదు. చేతులు రావడం లేదు."

ఏవిస్ చేతిలో గరిటె ఆగిపోయింది. "ఓహో. ఇప్పుడు నాకొచ్చిందని నీకూ కావాలా? నీకు లేనిది నాకుంటే ఓర్చుకోలేవు కదూ?" అనేసింది. రెండేళ్ళుగా ఊరు తన ముఖాన కొట్టిన మాట అది. నోట్లోంచి రాగానే ఆవిడకే తెలిసింది.

మిర్నా అరవలేదు. "నువ్వన్నది నిజమే. నీ మోకాలు చూసి ఎంత కుళ్ళుకున్నానో తెలుసా? చర్చిలో ఇంటికెళ్ళిపోయింది అందుకే. అంత ఉబ్బింది, అందరూ చూశారు, రక్తంలో కూడా దొరికింది. నాకేం దొరికింది? ఆ చలికాలం నుంచీ నేను మనిషిని కాలేదే. పెద్ద డాక్టర్ని అడిగితే, నీది మూడు వారాల్లో నయమైంది, నీ ఫొటో గోడ మీద పెట్టుకున్నాం అంటాడు. ఆ పొట్ట అక్కడున్నంతకాలం నాకు నయమైపోయినట్టే లెక్క. కార్ల్టన్ కూడా నమ్మడు."

మిర్నా నోటితో తన మీద అసూయపడ్డానని వినాలని ఏవిస్ పుట్టిన దగ్గర్నుంచీ ఎదురుచూసింది. వినపడింది. వినపడ్డాక దాన్ని ఏం చేసుకోవాలో తెలియలేదు. గరిటె పక్కన పెట్టి ఎదురు కుర్చీలో కూర్చుంది.

"ఎలా ఉంటుందే నీకు?" అంది.

మిర్నా తన చేతులు బల్ల మీద పెట్టి చూసుకుంది. "పొద్దున లేచేసరికి ఎవరివో అరిగిపోయిన చేతులు తెచ్చి నాకు తగిలించినట్టుంటుంది. నావి తీసుకుపోయిందెవరో తెలీదు. వాళ్ళెవరో వాటితో హాయిగా పని చేసుకుంటున్నారనిపిస్తుంది. వాళ్ళ మీద ఏడుపొస్తుంది."

ఏవిస్ తన చేతుల వంక చూసుకుంది. అదే. సరిగ్గా అదే. అంతమంది డాక్టర్ల ముందు, లెలాండ్ ముందు, రెండేళ్ళుగా నొప్పి అంది, నీరసం అంది, ఏదోలా ఉందంది, ఎవరికీ ఎక్కలేదు. ఈ మాట తనకు తట్టలేదు. దీనికి తట్టింది. ఇది కూడా దీనికే! అసూయా ఏడుపూ కలిసి తన్నుకొచ్చాయి.

ముక్కు చీదుకుని, "గురువారం టిబడో డాక్టరమ్మ వస్తుంది. నాతో రా" అంది. "ఇప్పుడన్నావే, ఆ మాట అక్షరం పొల్లుపోకుండా ఆవిడ ముందు అను."

"నా గురించా?"

"ముందు నా గురించి. పెద్దదాన్ని నేను. ఆ తర్వాత నీ గురించి."